అద్దాల బీరువాలో ఎండ

సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే కొన్ని వీధుల్లో గుజరాతీ కంటే తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గం పని కోసం వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోందని బదిలీ మీద వచ్చిన కొత్తలో తెలిసి ఆశ్చర్యపోయాను. మా శాఖలో తెలుగు వచ్చిన అధికారిని నేనొక్కణ్ణే. అందుకని తెలుగు ఖాతాదారుల ఫైలు ఏది కదిలినా తిరిగి తిరిగి నా బల్ల మీదికే చేరుతుంది.

అలా చేరిందే ఒక కిరాణా దుకాణం ఖాతా. మూడు లక్షల క్యాష్ క్రెడిట్ పరిమితి. యజమానిది కరీంనగర్ వైపు. బియ్యం, పప్పులు, పచ్చళ్లు, పసుపు, కారం, వీటితో పాటు గోదావరి చుట్టలు. చుట్టలంటే అలవాటున్న పెద్దవాళ్లు ఆ వాడలో ఇంకా ఉన్నారు. చుట్టుపక్కల పాన్ డబ్బాలకు కూడా ఆయనే సరఫరా చేస్తాడు. గోదావరి జిల్లాలో ఒక పెద్దాయన ఇంటి దగ్గర చుట్టించి పంపిస్తే, విజయవాడలో తెలిసినవాళ్లెవరో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి పంపుతారు.

కిందటి సెప్టెంబరు ఆఖర్లో స్టాక్ తనిఖీకి వెళ్లాను. స్టేట్‌మెంట్‌లో చుట్టలు 180 కట్టలు, కట్ట రెండు వందల లెక్కన 36,000 రూపాయలు. లెక్క పెట్టాను. లోపల చెక్క అలమరలో 80, వీధివైపు అద్దాల బీరువాలో 100. సరిపోయింది. ఎందుకో ఆ రోజు బీరువాలోంచి ఒక కట్ట బయటికి తీశాను. వీధివైపు ఉన్న చుట్టలు ఎండుగడ్డి రంగులోకి వెలిసిపోయి ఉన్నాయి. కట్ట తిప్పి చూస్తే వెనక వైపు మామూలు ముదురు గోధుమ రంగు. ఒకదాన్ని వేళ్ల మధ్య కొంచెం నొక్కగానే పై ఆకు పటపటా పగిలింది.

"ఆ పెద్దమనిషి నాసిరకం ఆకు పంపిండు సారూ. గిరాకీ వాపసు తెచ్చిస్తున్నరు. ఇగ ఆయనకు పైసలు ఆపేసిన" అన్నాడు దుకాణదారు.

ఆ వంద కట్టలను స్టాక్ విలువలోంచి తీసేయక తప్పదని చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. "జూన్ల మీరే వచ్చి చూసిన్రు గద సారూ. అప్పుడు మంచిగున్నయని రాస్కపోయిన్రు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. జూన్‌లో నేనే వెళ్లాను. అద్దం ఇవతలి నుంచే కట్టలు లెక్కపెట్టి, టిక్కు పెట్టి, సంతకం చేసి వచ్చాను. ఒక్క కట్ట కూడా తీసి చూడలేదు.

నిజంగానే నాసిరకం ఆకా? లేక సరుకు ఇక్కడికి వచ్చాక పాడైందా? దీన్ని బట్టే ఎవరి డబ్బు ఎవరు పోగొట్టుకోవాలన్నది తేలుతుంది. ఆ ప్రశ్న వెంట వెళ్లి నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. ఇది పొగ తాగడాన్ని మెచ్చుకునే వ్యాసం కాదు. మా తాతయ్య చుట్ట తాగేవారు. ఆఖరి మూడేళ్లు ఆయన ఊపిరి కోసం పడిన అవస్థ చూసినవాణ్ణి, దాన్ని మెచ్చుకోలేను. పద్దెనిమిదేళ్లలోపు వారికి, విద్యాసంస్థలకు వంద గజాల లోపల పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. తనిఖీకి వెళ్లినప్పుడు అది కూడా గమనించవలసిందే. ఇక్కడ నా విషయం మాత్రం తాకట్టులో ఉన్న సరుకు, దాని మీద పడే వెలుతురు.

మూడు కట్టల పరీక్ష

ఆకు తప్పో, నిల్వ తప్పో తేల్చడానికి ఖరీదైన ప్రయోగశాల అవసరం లేదనిపించింది. లోపలి అలమరలో ఉన్న 80 కట్టలు కూడా అదే పెద్దాయన అదే విడతలో పంపినవి. వాటిలోంచి మూడు కట్టలు తీసుకున్నాం. దుకాణంలోని చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూస్తే మూడూ 150 గ్రాముల చొప్పున తూగాయి.

మొదటి కట్టను అద్దాల బీరువాలో ఉన్నదున్నట్టు పెట్టాం. రెండో కట్టను లోపల నల్ల కాగితం, దాని పైన తెల్ల కాగితం చుట్టి, అదే బీరువాలో మొదటి దాని పక్కనే పెట్టాం. మూడోది లోపలి చెక్క అలమరలోకి వెళ్లింది. మూడు వారాలు ఎవరూ ముట్టుకోకూడదని ఒప్పందం.

రెండో కట్ట ఎందుకంటే, ఎండ రెండు పనులు చేస్తుంది. వెలుతురు ఇస్తుంది, వేడి కూడా ఇస్తుంది. కాగితం చుట్టిన కట్టకు వేడి తగులుతుంది, వెలుతురు తగలదు. మొదటిదానికి రెండూ తగులుతాయి. మూడోదానికి రెండూ లేవు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ నష్టం దేనివల్ల జరిగిందో విడదీసి చెప్పవచ్చు.

ఆ మూడు వారాల్లో దొరికినంత చదివాను.

ఆకుకు ఆ రంగు ఎలా వస్తుంది

సూరత్‌కూ పొగాకుకూ పాత పరిచయం ఉంది. ఇంగ్లండు రాయబారి సర్ థామస్ రో 1615లో ఈ రేవులోనే దిగాడు. మరుసటి ఏడాది అతని దగ్గర మతబోధకుడిగా చేరిన ఎడ్వర్డ్ టెర్రీ, ఇక్కడివాళ్లు పొగాకు విస్తారంగా వేస్తారు గాని దాన్ని పదును చేసే పద్ధతి తెలియదని రాశాడు. పండించడం ఒక విద్య, పండిన ఆకును పక్వానికి తేవడం మరో విద్య అని అప్పటికే గ్రహించారన్నమాట.

ఆ రెండో విద్య మన గోదావరి లంకల్లో బాగా ఒంటబట్టింది. ఏటి మధ్య ఒండ్రు నేలల్లో పండే లంక పొగాకు చుట్టలకు పేరు పడింది. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను రాజమండ్రిలో నెలకొల్పారు.

పచ్చి ఆకులో ఆకుపచ్చని పత్రహరితంతో పాటు పసుపు, నారింజ రంగుల కెరోటినాయిడ్లు ఉంటాయి. ఆకు మెల్లగా ఆరుతున్నప్పుడు పత్రహరితం విరిగిపోయి, అడుగున దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. ఆ తర్వాత ఆకులోని పాలీఫినాల్ అనే పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గోధుమ రంగుకు తిరుగుతాయి. కోసిన వంకాయ ముక్కలు నీళ్లలో వేయకపోతే నల్లబడతాయి కదా, ఇదీ అలాంటి మార్పే. ఆ మీదట ఆకులను గుట్టగా వేసి మాగబెడితే రంగు ముదిరి, ఘాటు తగ్గి, వాసన కుదురుతుంది.

అంటే మంచి చుట్ట మీద కనిపించే ముదురు గోధుమ రంగు పైపూత కాదు. ఆకు తన జీవితంలో దాటివచ్చిన దశలకు అది గుర్తు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. నాటు పొగాకును ఎండలోనే ఆరబెడతారు. మరి అప్పుడు మేలు చేసిన ఎండ తర్వాత కీడెందుకు చేస్తుంది? ఆరబెట్టే దశలో ఆకులో జరగవలసిన మార్పు ఉంది. ఎన్ని రోజులు ఆరాలో, ఎప్పుడు తీసి కప్పాలో రైతుకు తెలుసు. చుట్ట అయ్యాక జరగవలసిన మార్పంటూ ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత పడే ప్రతి కిరణమూ ఉన్నదాన్ని చెరపడానికే పనికొస్తుంది. వడ్లు ఆరబోసినప్పుడు ఎండ కావాలి, వండిన అన్నాన్ని ఎవరూ ఎండలో పెట్టరు.

చుట్టల వ్యాపారంలో వెలుతురును ఎంత పట్టించుకుంటారో చెప్పడానికి మరో ఉదాహరణ. అమెరికాలోని కనెక్టికట్ లోయలో చుట్టకు పైన చుట్టే పలచని ఆకు కోసం 1900 ప్రాంతం నుంచి పొలం పొలమంతా పలచని బట్టతో పందిరి వేసి పండిస్తూ వచ్చారు. క్యూబాలోనూ ఈ పద్ధతి ఉంది. నీడలో పెరిగిన ఆకు పలచగా, నున్నగా, మెత్తగా వస్తుంది. చేలో ఉన్నప్పుడే ఎండను కొలిచి ఇస్తున్నారంటే, తయారైన సరుకును అద్దాల బీరువాలో ఎండకు వదిలేయడం ఎంత తప్పో ఆలోచించండి.

వెలుతురు లెక్క బారువడ్డీ లెక్క

వెలుతురు శక్తి. అందులో ఊదా రంగుకు అవతల, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలకు శక్తి మరీ ఎక్కువ. రంగునిచ్చే అణువుల్లోని బంధాలను అవి తెంచేస్తాయి. ఆక్సిజన్ ఆ పనిని పూర్తి చేస్తుంది. బంధం తెగిన అణువు మునుపటి రంగును చూపలేదు. దాన్నే మనం వెలవడం అంటాం. రంగుతో పాటు వాసనకు కారణమైన పదార్థాలు కూడా దెబ్బతింటాయి. అందుకే వెలిసిన చుట్ట వాసన చప్పగా ఉంటుంది.

"అద్దం అడ్డముంది కద సారూ" అన్నాడు దుకాణదారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో బాగా తీవ్రమైన ఒక భాగాన్ని ఆపుతుంది. కనిపించే వెలుతురుకు దగ్గరగా ఉండే మిగతా భాగంలో చాలావరకు దాటనిస్తుంది. కనిపించే వెలుతురును ఎలాగూ ఆపదు. అందులో నీలం వైపు కిరణాలకు కూడా రంగులను వెలిసేలా చేసే శక్తి ఉంది. కాబట్టి అద్దం ఇచ్చేది సగం భరోసా. పైన చుట్టిన పారదర్శక కాగితానిదీ అదే కథ.

బ్యాంకు వాళ్లకు సులువుగా అర్థమయ్యే సంగతి ఇంకొకటి ఉంది. వెలుతురు చేసే నష్టం కూడుతూ పోతుంది. తీవ్రతను కాలంతో గుణిస్తే నష్టం ఎంతో ఇంచుమించుగా తెలుస్తుంది. అసలును కాలంతో గుణించే మన బారువడ్డీ లాంటిదే. తీవ్రమైన వెలుతురులో కొద్దిసేపు ఉన్నా, మసక వెలుతురులో ఎక్కువసేపు ఉన్నా లెక్క ఒకటే కావచ్చు. రాత్రి చీకట్లో పెట్టినంత మాత్రాన పగటి నష్టం రద్దు కాదు. ఈ ఖాతాలో జమ వైపు పద్దు ఉండదు.

మ్యూజియాల్లో పాత వస్త్రాలు, తాళపత్రాలు ఉంచే గదులు మసకగా ఉండటం మీరు చూసే ఉంటారు. త్వరగా వెలిసే వస్తువుల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడకుండా చూడటం అక్కడి పద్ధతి. లక్స్ అంటే వెలుతురు కొలత. రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 రోజులు తెరిచి ఉంచితే, 50 × 8 × 250 = 1,00,000 లక్స్ గంటలు. నడినెత్తి ఎండ తీవ్రత దాదాపు ఒక లక్ష లక్స్. అంటే మ్యూజియంలో ఒక ఏడాదంతా పడే వెలుతురు, బయట ఎండలో ఒక్క గంటలో పడిపోతుంది.

ఇప్పుడు మన బీరువా లెక్క చూద్దాం. సాయంత్రపు ఎండ కాబట్టి నడిమధ్యాహ్నపు ఎండలో పావు వంతే అద్దం దాటి లోపలికి వస్తుందనుకుందాం, 25,000 లక్స్. రోజుకు రెండు గంటలు పడితే 50,000 లక్స్ గంటలు. రెండు రోజులకే మ్యూజియం ఏడాది పూర్తి. తొంభై రోజులకు 45 ఏళ్లు. ఇది ఉజ్జాయింపు లెక్కే. కానీ దీంతో మూడు నెలల్లో చుట్టలు ఎందుకలా ముసలివైపోయాయో నాకు అర్థమైంది.

సూరత్ చీరల వ్యాపారులకు ఈ విషయం కొత్త కాదు. రంగు వెలుతురుకు ఎంతవరకు తట్టుకుంటుందో కొలవడానికి బట్టల పరిశ్రమలో నీలం ఉన్ని స్కేలు ఒకటి ఉంది. ఒకటి నుంచి ఎనిమిది వరకు నీలం రంగు ఉన్ని పట్టీలు ఉంటాయి. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ తట్టుకునే శక్తి ఇంచుమించు రెట్టింపవుతుంది. పరీక్షించవలసిన గుడ్డను ఆ పట్టీల పక్కన వెలుతురులో ఉంచి, ఏ పట్టీతో సమానంగా వెలిసిందో చూస్తారు. పక్కపక్కన పెట్టి పోల్చడమే కిటుకు. మా మూడు కట్టల పరీక్ష కూడా అదే.

వేడి చేసే పని వేరు

వేడి రంగును అంతగా తాకదు. దాని పని తేమ మీద. పొగాకు ఆకు గాలిలోని తేమను పీలుస్తుంది, గాలి పొడిగా ఉంటే తన తేమను వదులుతుంది. చుట్టలు నిల్వ చేసేవాళ్లు సాపేక్ష ఆర్ద్రత 65 నుంచి 70 శాతం మధ్య ఉండేలా చూసుకుంటారు. అంతకంటే బాగా ఎక్కువైతే బూజు పడుతుంది. బాగా తక్కువైతే ఆకు పెళుసవుతుంది.

సూరత్ సముద్రానికి దగ్గర, ఇక్కడ తేమకు లోటు లేదు కదా అనిపిస్తుంది. కానీ గాలిలో నీటి ఆవిరి అంతే ఉండి వేడి పెరిగితే సాపేక్ష ఆర్ద్రత పడిపోతుంది. 30 డిగ్రీల దగ్గర 70 శాతం ఉన్న గాలిని 40 డిగ్రీలకు వేడి చేస్తే అది దాదాపు 40 శాతానికి దిగుతుంది. ఎండ పడే అద్దాల బీరువాలో రోజూ సాయంత్రం జరిగేది అదే. బయట చెమటలు పడుతుంటే లోపల చుట్టలు ఎండిపోతుంటాయి. రాత్రి చల్లబడ్డాక ఆకు కొంత తేమ తిరిగి పీలుస్తుంది, మర్నాడు మళ్లీ వదులుతుంది. పైగా ఎండ తగిలే వైపు ముడుచుకుంటుంది, వెనక వైపు అంతగా ముడుచుకోదు. రోజూ ఈ లాగులాటలో పలచని పై ఆకు చివరికి చిట్లుతుంది.

వేడి తెచ్చే మరో ముప్పు పురుగు. నిల్వ పొగాకును తొలిచే చిన్న గోధుమ రంగు పెంకు పురుగుకు 30 డిగ్రీల వెచ్చదనం, తేమ కలిసొస్తే సంతతి త్వరగా పెరుగుతుంది. పేరుకు పొగాకు పురుగే గాని పసుపు, ధనియాలు, ఎండుమిర్చి కూడా దానికి ఇష్టమే. కిరాణా దుకాణంలో అది ఒక అర నుంచి ఇంకో అరకు పాకితే నష్టం చుట్టలతో ఆగదు.

కట్టలు విప్పిన రోజు

మూడు వారాలయ్యాక, అక్టోబరు మధ్యలో ఒక సాయంత్రం మళ్లీ వెళ్లాను. ఆయన, వాళ్ల అబ్బాయి, నేను కలిసి మూడు కట్టలనూ బల్ల మీద పెట్టాం.

మొదటి కట్ట వీధివైపు వెలిసింది, ఎండింది. బరువు 138 గ్రాములు. కాగితం చుట్టిన రెండో కట్ట రంగు చెక్కుచెదరలేదు గాని నొక్కితే చిట్లింది. బరువు 139 గ్రాములు. లోపలి అలమరలో ఉన్న మూడో కట్ట రంగు అలాగే ఉంది, ముట్టుకుంటే మెత్తగా ఉంది. బరువు 149 గ్రాములు.

ఎవరూ ఏమీ మాట్లాడనక్కరలేకపోయింది. రంగు పోవడం వెలుతురు పని. పెళుసెక్కడం వేడి పని. ఆకు తప్పేమీ లేదు.

అయితే ఆయన అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది. "పదేండ్ల సంది గదే బీరువల పెడుతున్న. ఇన్నేండ్లు గానిది ఇప్పుడెట్లయింది?"

గడప దగ్గర నిలబడి పడమటి వైపు చూశాం. వాళ్ల అబ్బాయే చెప్పాడు. ఎదురుగా ఉన్న పాత మూడంతస్తుల ఇంటిని ఏప్రిల్‌లో పడగొట్టారు. పదేళ్లు ఆ ఇంటి నీడలో ఉన్న బీరువా ఆ నెల నుంచి నేరుగా ఎండలో పడింది. ఏప్రిల్, మే, జూన్. వానాకాలం మబ్బులు పోయాక మళ్లీ సెప్టెంబరు. దుకాణం లోపల ఏమీ మారలేదు, వీధి అవతల మారింది. నేను జూన్‌లో వచ్చేసరికే రెండు నెలల ఎండ దెబ్బ ఆ కట్టల మీద ఉండి ఉండాలి. అద్దం ఇవతల నిలబడి లెక్కపెట్టినవాడికి అదెలా కనిపిస్తుంది?

ముందు సరుకు ముందు కదలాలి

ఎంబీఏలో మాకు ముందు వచ్చిన సరుకు ముందు వెళ్లాలన్న సూత్రాన్ని లెక్కలతో సహా నేర్పారు. దుకాణంలో ఆ సూత్రం ఎక్కడ తప్పుతుందో ఇక్కడ చూశాను. బీరువాలోని సరుకు అందం కోసం. గిరాకీ అడిగితే చేతికి అందే లోపలి అలమరలోంచి తీసిస్తాడు. కొత్త సరుకు వస్తే అది కూడా ఆ అలమరలోకే వెళ్తుంది. అలా కొత్తది అమ్ముడవుతూ, బీరువాలోది నెలల తరబడి కదలకుండా ఉండిపోతుంది. అంటే ఎక్కువ ఎండ తగిలే చోటే ఎక్కువ కాలం నిలిచే సరుకు ఉంది. ఇందాకటి బారువడ్డీ లెక్కలో తీవ్రత, కాలం రెండూ ఒకే చోట కలిశాయి. మధ్యలో ఎప్పుడైనా గిరాకీ ఎక్కువై బీరువాలోంచి తీసిస్తే అవే వాపసు వచ్చేవి.

ఇది చుట్టలకే పరిమితం కాదు. కారానికి ఎరుపు, పసుపుకు పసుపుదనం ఇచ్చే పదార్థాలు కూడా వెలుతురుకు విరిగిపోతాయి. అదే బీరువా పై అరలో గాజు సీసాల్లో కారం, పసుపు ఉన్నాయి. మూత తీసి చూస్తే సీసా అంచున ఒక రంగు, మధ్యలో ఒక రంగు. మన వంటిళ్లలో కిటికీ పక్కన గాజు సీసాల్లో కారం పెట్టుకున్నవాళ్లు ఒకసారి గరిటెతో అడుగు నుంచి తిప్పి చూడండి.

తాతయ్య గుర్తొచ్చారు. ఆయన చుట్టలు మూత బిగుతుగా ఉన్న ఒక రేకు డబ్బాలో మంచం కింద ఉండేవి. చీకటి, చల్లదనం, మూసిన గాలి. విదేశాల్లో ఖరీదైన చుట్టలను సెడార్ చెక్క పెట్టెల్లో దాస్తారు. ఆ చెట్టు పేరుకు దేవదారు, నిజానికి మన వేప కుటుంబానిది. ఆ పెట్టె చేసే పని కూడా వెలుతురును ఆపడం, తేమను నిలపడమే. తాతయ్య రేకు డబ్బా ఆ పని ఉచితంగా చేసింది.

ఆ తర్వాత

వంద కట్టల విలువ 20,000 రూపాయలు స్టాక్‌లోంచి తీసేశాను. 3,96,000 కాస్తా 3,76,000 అయింది. పాతిక శాతం మార్జిన్ పోగా డ్రాయింగ్ పవర్ 2,97,000 నుంచి 2,82,000కు తగ్గింది. పదిహేను వేలు. పెద్ద ఖాతాలు చూసేవాళ్లకు అది చిల్లర. దీపావళి సరుకు కొనాల్సిన చిన్న దుకాణానికి అది నూనె డబ్బాల ఖర్చు. ఆయన రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ కోపంలో న్యాయం ఉంది. జూన్‌లోనే నేను ఒక కట్ట తీసి చూసి ఉంటే సగం సరుకైనా దక్కేది. నా తనిఖీ నివేదికలో ఆ వాక్యం కూడా రాశాను. బీమా గురించి ఆయన ఆశగా అడిగాడు. మనం తీయించే అగ్ని బీమా నిప్పు లాంటి ప్రమాదాలకు గాని, ఎండకు మెల్లగా వెలిసిపోయిన సరుకుకు కాదని చెప్పవలసి వచ్చింది.

ఆయన ఆ రాత్రే గోదావరికి ఫోను చేసి, ఆపిన డబ్బు పంపిస్తున్నానని చెప్పాడు. ఆ పెద్దాయన జవాబు ఫోనులో నాకూ వినిపించింది. "మా ఇంట్లో ఎప్పుడూ గోనెపట్టా కప్పే ఉంచుతామండి. అద్దాల బీరువాలో పెడతారని నాకేం తెలుసు?"

ఇప్పుడు ఆ బీరువాలో ఖాళీ అట్టపెట్టెలు, స్టీలు సామాను ఉన్నాయి. చుట్టలు, మసాలాలు తలుపులున్న చెక్క అలమరలోకి మారాయి. ప్రతి కట్ట మీద వచ్చిన తేదీ రాస్తున్నారు. జనవరి తనిఖీలో నేను లెక్కపెట్టడం మొదలుపెట్టకముందే వాళ్ల అబ్బాయి మధ్యలోంచి ఒక కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. డ్రాయింగ్ పవర్ మళ్లీ పాత అంకెకు వచ్చింది.

తనిఖీకి వెళ్లే మిత్రులకు నా అనుభవంలోంచి నాలుగు మాటలు.

ఒకటి, లెక్కతో పాటు కనీసం ఒక నమూనా చేతిలోకి తీసుకోండి. వెనక వైపు తిప్పి చూడండి. ఎదుటి వైపు, వెనక వైపు ఒకేలా లేకపోతే వెలుతురు పని చేసిందన్నమాట.

రెండు, దుకాణం ఏ దిక్కుకు ఉందో, ఎండ ఎప్పుడు ఎక్కడ పడుతుందో గమనించండి. వీలైతే ఒకసారి సాయంత్రం వెళ్లండి. పొద్దున పదకొండుకు నీడలో ఉన్న బీరువా నాలుగింటికి ఎండలో ఉండవచ్చు.

మూడు, అద్దాల వెనక ఉన్న సరుకు ఎప్పుడు వచ్చిందో అడగండి. అది చీరలైనా, పుస్తకాలైనా, మందులైనా సరే.

నాలుగు, పోయినసారి తనిఖీకీ ఇప్పటికీ మధ్య చుట్టుపక్కల ఏం మారిందో అడగండి. ఒక ఇల్లు కూలవచ్చు, ఒక చెట్టు కొట్టేయవచ్చు. అవి స్టాక్ స్టేట్‌మెంట్‌లో కనిపించవు.

జూన్‌లో నేను సంతకం చేసిన కాగితంలో అంకెలన్నీ సరైనవే. బీరువాలో వంద కట్టలు నిజంగానే ఉన్నాయి. వాటిలో చుట్టలే సరిగ్గా లేవు.